తీరగ్రామాల్లో పంచాయతీ

ఉద్దేశం: ప్రజలు ఎన్నుకొన్న గ్రామపంచాయతీ స్వరూపాన్ని, అధికారాలను, పరిమితులను నెల్లూరు తీరగ్రామాల జీవితం ఆధారంగా తెలియజేయడం, గ్రామసభలో పౌరుని బాధ్యతను గుర్తింపజేయడం.

దేశానికి సంబంధించిన నిర్ణయాలు పార్లమెంటులోను, రాష్ట్రానికి సంబంధించిన నిర్ణయాలు శాసనసభలోను జరుగుతాయి. కాని మనిషికి నిత్యం కావలసిన వాటిలో అధికభాగం ఊరి పొలిమేరలోనే సమకూరాలి. తాగడానికి మంచినీరు, నడవడానికి బాట, వీధిలో దీపం, మురుగు పోవడానికి కాలువ, చనిపోయిన వారికి శ్మశానభూమి మొదలైనవి ఊరి పనులు. ఇవి ఎవరు చేయాలి? ఏది ముందు, ఏది వెనుక అని ఎవరు నిర్ణయించాలి? చేసిన పనికి లెక్క ఎవరికి చెప్పాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానంగా ఏర్పడిన వ్యవస్థే స్థానిక స్వపరిపాలన.

పూర్వపు నెల్లూరు జిల్లాకు సుమారు 169 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఉత్తరాన కావలి ప్రాంతం నుండి దక్షిణాన పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడ వరకు ఈ తీరం వెంట మత్స్యకార పాలేలు వరుసగా కనిపిస్తాయి. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాలెం వంటివి ఈ తీరానికి చెందినవే. ఈ పాలేలలో రెండు సభలు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకటి తరతరాలుగా వస్తున్న కులపెద్దల సభ. రెండవది ఓటుతో ఏర్పడిన గ్రామపంచాయతీ. ఈ రెండింటికీ గల తేడాను గ్రహిస్తే, ఎన్నికైన సభ విలువ ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది.

పెద్దల సభ

నెల్లూరు తీరంలో పట్టపు మొదలైన మత్స్యకార వర్గాల వారు అధికంగా నివసిస్తారు. ఏ వల ఎక్కడ వేయాలి, వలలు చిక్కుపడి తగవు వస్తే నష్టం ఎవరు భరించాలి, గంగమ్మ కొలుపులకు ఇంటికి ఎంత చందా ఇవ్వాలి, ఊరిలో మరణం సంభవించినప్పుడు వేట ఆపాలా వద్దా అనే విషయాలను కులపెద్దలు కూర్చొని తేలుస్తారు. పెద్దలు విధించే కట్టడిని ఈ ప్రాంతంలో 'దురాయి' అంటారు. దురాయి పడిన తరువాత దానిని దాటడానికి సాధారణంగా ఎవరూ సాహసించరు.

ఈ పద్ధతిని కేవలం మూఢాచారమని కొట్టివేయడం సరికాదు. సముద్రానికి గట్లు లేవు, సర్వే రాళ్ళు లేవు. చేప ఎవరి పట్టాభూమిలోను ఉండదు. అందరిదీ అయిన సంపదను ఎవరికి తోచినట్లు వారు తోడుకొంటే చివరకు ఎవరికీ మిగలదు. అందువల్ల కట్టుబాటు అవసరమైంది. పులికాట్ సరస్సులోని 'పాడు' పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. సరస్సులో రొయ్యలు, చేపలు బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. ఆ తావుల్లో వల వేసే హక్కును వంతుల వారీగా పంచుకోవడమే పాడు. ఒక తావు ఎల్లకాలం ఒకరికే దక్కదు. మంచి తావు, మామూలు తావు అందరికీ వంతు ప్రకారం వస్తాయి.

అమెరికాకు చెందిన ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆచార్యురాలు ప్రపంచంలోని పలుచోట్ల ఇటువంటి ఉమ్మడి కట్టుబాట్లను పరిశీలించింది. బయటి అధికారం లేకపోయినా, సొంతదారులు లేకపోయినా, ప్రజలు తమకు తామే నియమాలు ఏర్పరచుకొని నీటిని, అడవిని, చేపల వేట తావులను కాపాడుకోగలరని ఆమె నిరూపించింది. ఈ కృషికి 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ బహుమతిని అందుకొన్న తొలి మహిళ ఆమె.

అయితే పెద్దల సభకు గల లోపాలు చిన్నవి కావు. అందులో స్త్రీలకు చోటు లేదు. చేపలను గంపల్లో మోసి ఊరూరా అమ్మేది స్త్రీ. ఇంటికి నీళ్ళు తెచ్చేదీ స్త్రీయే. కాని నిర్ణయం జరిగేచోట ఆమె మాటకు తావు లేదు. పాడులో వంతు ఆ కట్టుబాటుకు చెందిన కుటుంబాలకే గాని, అదే నీటిపై ఆధారపడిన ఇతరులకు లేదు. తీరంలో నివసించే యానాదులు, దళితులు, ఇతర కులాల కూలీలు ఆ సభకు వెలుపలివారే. తీర్పు నచ్చని వానికి పైకి చెప్పుకొనే దారి ఉండదు. ఎదిరించిన కుటుంబాన్ని వెలివేసిన సందర్భాలూ ఉన్నాయి. పెద్దలు ఊరికి పెద్దలే అయినా, ఊరి వారందరూ ఎన్నుకొన్నవారు కారు. కాబట్టి వారిని దించే వీలు కూడా ఊరివారికి లేదు.

ఎన్నికైన సభ ఏర్పడిన తీరు

ఎన్నిక అనే భావన దక్షిణ దేశానికి కొత్తది కాదు. నేటి తమిళనాడులోని ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాల్లో చెక్కించిన శాసనాలు గ్రామసభ నియమాలను వివరిస్తాయి. అర్హుల పేర్లను చీటీలపై రాసి, కుండలో వేసి, ఒక బాలుని చేత తీయించి సభ్యులను నిర్ణయించేవారు. లెక్కలు అప్పగించని వారు మళ్ళీ సభ్యత్వానికి అర్హులు కారు. లెక్క చెప్పని వానికి పదవి లేదనే ఈ నియమం వేయి సంవత్సరాల తరువాత కూడా ఆదర్శప్రాయమే. కాని ఆ సభలో కూడా భూమి, విద్య ఉన్నవారికే అర్హత. స్త్రీలకు, భూమిలేని వారికి ప్రవేశం లేదు.

ఆంగ్లేయుల పాలనలో నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. 1882లో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానాన్ని అనుసరించి 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో స్థానిక పరిపాలన శాఖను నిర్వహించినవారు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వాస్తవ్యులైన బెజవాడ గోపాలరెడ్డి. ఆయన తరువాత 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ రచనా సమయంలో గ్రామం గురించి రెండు భిన్నమైన అభిప్రాయాలు ఎదురుపడ్డాయి. గ్రామమే స్వరాజ్యానికి పునాది కావాలని గాంధీజీ ఆశించారు. గ్రామంలో కులం, పెత్తనం రాజ్యమేలుతున్నప్పుడు అధికారాన్ని గ్రామానికే అప్పగిస్తే బలహీనులకు రక్షణ ఏదని డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబరులో రాజ్యాంగసభలో సందేహం వ్యక్తపరిచారు. చివరకు గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలన్న మాట 40వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మాత్రమే చేరింది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. 1959లో రాజస్థాన్ తరువాత ఆంధ్రప్రదేశ్ ఆ వ్యవస్థను ప్రారంభించింది. కాని ఎన్నికలు సకాలంలో జరగడం, జరగకపోవడం ప్రభుత్వాల ఇష్టాయిష్టాలపై ఆధారపడి ఉండేది.

ఈ స్థితిని మార్చింది 73వ రాజ్యాంగ సవరణ. 1992లో పార్లమెంటు ఆమోదించిన ఈ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. అందుకే ఆ రోజును జాతీయ పంచాయతీరాజ్ దినంగా జరుపుతున్నారు. దీని ప్రకారం పంచాయతీ పదవీకాలం అయిదేళ్ళు. ఎన్నికలు నిర్వహించడానికి ప్రతి రాష్ట్రంలో ప్రత్యేక ఎన్నికల సంఘం ఉంటుంది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి, స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించాలి. అంబేద్కర్ లేవనెత్తిన సందేహానికి ఈ కేటాయింపు కొంతవరకు సమాధానం. దీనికి అనుగుణంగా ఆంధ్రప్రదేశ్ 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. 1995లో ఆ చట్టం కింద తొలి ఎన్నికలు జరిగాయి. 2011లో చేసిన సవరణతో స్త్రీల వాటా సగానికి పెరిగింది.

ఈ చట్టం ప్రకారం ఊరి ఓటర్లందరూ కలిసి సర్పంచిని నేరుగా ఎన్నుకొంటారు. వార్డుకు ఒకరు చొప్పున సభ్యులు ఎన్నికవుతారు. జనాభాను బట్టి వారి సంఖ్య 5 నుండి 21 వరకు ఉంటుంది. ఆ సభ్యులు తమలో ఒకరిని ఉపసర్పంచిగా ఎన్నుకొంటారు. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఊరి ఓటర్లందరి సముదాయం గ్రామసభ. పంచాయతీ పని చేసే సభ అయితే, గ్రామసభ అడిగే సభ. బడ్జెట్టు, లెక్కలు, లబ్ధిదారుల జాబితాలు దాని ముందుకు రావాలి.

చేదబావిలో ఉప్పునీరు

తీరగ్రామంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మంచినీరు. ఇసుక దిబ్బల కింద వాననీరు పలుచని పొరగా నిలుస్తుంది. దాని అడుగున ఉప్పునీరు ఉంటుంది. పాలెం ప్రజలు ఇసుకలో చెలమలు తవ్వి ఆ పైపొర నీటినే తెచ్చుకొనేవారు. ఆ పొరను అతిగా తోడినా, పక్కనే ఉప్పునీటిని నిలవబెట్టినా మంచినీరు చెడిపోతుంది.

1990 దశాబ్దం ఆరంభంలో నెల్లూరు తీరంలో రొయ్యల సాగు ఉద్ధృతంగా వ్యాపించింది. పొలాలు చెరువులయ్యాయి. విదేశీ మారకద్రవ్యం వచ్చింది, కొందరికి ఉపాధి దొరికింది. 1994లో తెల్లమచ్చ తెగులు సోకి ఎందరో రైతులు అప్పులపాలయ్యారు. తీరం వెంట పలుచోట్ల తాగునీటి వనరులు ఉప్పుబారాయి, సముద్రానికి వెళ్ళే దారులు మూసుకుపోయాయి. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ దాఖలు చేసిన వ్యాజ్యంపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలిలో రొయ్యల పరిశ్రమను నిషేధించడమేగాక, పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపల చెరువులు ఉండరాదని ఆదేశించింది. తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత జలచరాల పెంపకంపై ప్రత్యేక చట్టం చేసి, చెరువులను నమోదు చేయించుకోవాలని నియమం పెట్టింది.

ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం ఒకటుంది. చేదబావిలో నీరు ఉప్పగా మారిన సంగతి మొదట తెలిసేది న్యాయస్థానానికి కాదు, బిందె ముంచిన స్త్రీకి. ఆమె మాట ఊరి సభలో తీర్మానంగా నమోదు కావాలి. తీర్మానం కాగితంపై ఉంటే మండలానికి, కలెక్టరుకు, న్యాయస్థానానికి అది ఆధారమవుతుంది. నమోదు కాని గోడు గాలిలో మాటగానే మిగులుతుంది. పెద్దల సభ వల తగవును తీర్చగలదు గాని, చెరువు యజమానికి తాఖీదు పంపలేదు, నీటి పథకానికి నిధులు రాబట్టలేదు. ఆ పని చట్టబద్ధమైన పంచాయతీయే చేయాలి. 2021 నుండి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థికసంఘం సిఫారసుల్లో స్థానికసంస్థల గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న నియమం ఉండడం ఈ బాధ్యత ఎంతటిదో తెలుపుతుంది.

తుపాను వచ్చినప్పుడు కూడా ఇదే పరిస్థితి. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెనుతుపానును ఈ ప్రాంతం మరువలేదు. 2004 డిసెంబరు 26న సునామీ ఆంధ్ర తీరంలో వందమందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. ఇటువంటి సమయంలో పడవ ఎవరిది పోయింది, వల ఎవరిది కొట్టుకుపోయింది, ఇల్లు ఎవరిది కూలింది అనే జాబితా తయారవుతుంది. వేట నిషేధకాలమైన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఇచ్చే భృతికీ జాబితాయే ఆధారం. నాలుగు గోడల మధ్య రాసిన జాబితాలో పడవ లేనివాని పేరు చేరవచ్చు, పడవ ఉన్నవాని పేరు జారిపోవచ్చు. పదిమంది ఎదుట చదివి వినిపించిన జాబితాలో అటువంటి తప్పు నిలవడం కష్టం.

స్త్రీలు ముందు నడిచిన జిల్లా

తీరానికి పడమరగా, మెట్టప్రాంతమైన కలిగిరి మండలంలో దూబగుంట అనే గ్రామం ఉంది. అక్షరదీక్షలో భాగంగా రాత్రిబడులకు వచ్చిన అక్కడి స్త్రీలు తమ సంసారాలను కూలుస్తున్న సారా గురించి చర్చించుకొన్నారు. చర్చ నిర్ణయమైంది, నిర్ణయం ఉద్యమమైంది. ఊరిలో సారా అమ్మకాన్ని వారు అడ్డుకొన్నారు. 1992లో ఆ ఉద్యమం నెల్లూరు జిల్లా అంతటా వ్యాపించి రాష్ట్రాన్నే కదిలించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రప్రభుత్వం సారాను నిషేధించింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది.

ఆనాడు ఆ స్త్రీలలో అధికసంఖ్యాకులకు ఏ సభలోనూ స్థానం లేదు. ఊరి బాగోగులు నిర్ణయించగల శక్తి వారికి ఉన్నదని వారి ఉద్యమమే నిరూపించింది. పంచాయతీల్లో స్త్రీలకు స్థానాలు కేటాయించే సవరణను పార్లమెంటు ఆమోదించినదీ అదే 1992లోనే. రాజ్యాంగం ఇచ్చిన స్థానానికి నెల్లూరు స్త్రీలు ముందే అర్హత చూపారు.

లోపాలు – బాధ్యతలు

చట్టం ఉన్నంతమాత్రాన పంచాయతీ బలపడదు. రాజ్యాంగంలోని 11వ షెడ్యూలు 29 అంశాలను పేర్కొన్నది. అందులో అయిదవది మత్స్యపరిశ్రమ, పదకొండవది తాగునీరు. కాని 243జి అధికరణం ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు 'ఇవ్వవచ్చు' అన్నదే గాని 'ఇచ్చి తీరాలి' అనలేదు. ఫలితంగా సముద్రంలో వేటకు సంబంధించిన నిర్ణయాలు మత్స్యశాఖ చేతిలోనే ఉన్నాయి. జపానులో తీరజలాల్లో వేటహక్కును మత్స్యకారుల సహకారసంఘాలకే చట్టం అప్పగించింది. సభ్యులు ఎన్నుకొన్న పాలకవర్గం ఆ హక్కును నిర్వహిస్తుంది. పెద్దల కట్టుబాటులోని అనుభవానికి, ఎన్నికలోని జవాబుదారీతనానికి పొత్తు కుదరగలదని ఆ ఏర్పాటు సూచిస్తుంది.

రెండవ లోపం పాలెం ఉనికికి సంబంధించినది. చాలాచోట్ల మత్స్యకార పాలెం ఒక పెద్ద గ్రామానికి శివారు మాత్రమే. పంచాయతీలో ఆ పాలేనికి ఒకటి రెండు వార్డులే ఉంటాయి. పొలాలున్న పెద్ద ఊరి అవసరం ముందుకు, పాలెం అవసరం వెనుకకు పోతుంది. గ్రామసభ పెద్ద ఊరిలో, అందులోనూ వేటకు వెళ్ళే వేళలో జరిగితే పాలెం నుండి వచ్చేవారు ఎవరు?

మూడవ లోపం ఏకగ్రీవాల పేరిట జరిగేది. ఊరిలో కక్షలు పెరగకూడదన్న సదుద్దేశంతో ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహక నగదు ప్రకటించింది. అందరూ మనస్ఫూర్తిగా అంగీకరిస్తే అది మంచిదే. కాని కొద్దిమంది పెద్దలు ముందే కూర్చొని పేరు ఖాయం చేసి, పోటీ చేయదలచిన వానిని దురాయితోనో, డబ్బుతోనో ఆపితే, పేరుకు పంచాయతీ, తీరుకు పాత పెత్తనమే మిగులుతుంది. స్త్రీ సర్పంచిగా ఎన్నికైన చోట ఆమె భర్త కుర్చీలో కూర్చోవడం కూడా ఇటువంటిదే. ఆమె సంతకం మాత్రమే ఎన్నికైనది, నిర్ణయం కాదు.

ఈ లోపాలకు మందు గ్రామసభలోనే ఉంది. ఉపాధిహామీ పనుల సామాజిక తనిఖీని గ్రామసభలో జరపాలని 2005 నాటి చట్టం నిర్దేశించింది. గ్రామాభివృద్ధి ప్రణాళికను గ్రామసభ చర్చతోనే రూపొందించాలి. పద్దెనిమిదేళ్ళు నిండి, ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ ఆ సభలో సభ్యుడే. ఇంటర్మీడియట్ పూర్తిచేసే విద్యార్థి ఆ అర్హతకు గుమ్మంలో నిలిచి ఉంటాడు. ఊరిలోని చేతిపంపుల్లో ఎన్ని పనిచేస్తున్నాయో లెక్కించడం, పంచాయతీకి వచ్చిన నిధులు ఎంత, ఖర్చు ఎంత అని అడగడం, నిరక్షరాస్యులైన వారికి జాబితా చదివి చెప్పడం అతడు చేయదగిన పనులు.

పెద్దల సభ సముద్రాన్ని పంచుకోవడం నేర్పింది. ఎన్నికైన సభ అధికారాన్ని పంచుకోవడం నేర్పవలసి ఉంది. మొదటిదానిలోని ఐకమత్యం, రెండవదానిలోని సమానత్వం ఒకచోట చేరాలంటే, పాలెం చివరి గుడిసెలోని వ్యక్తి కూడా గ్రామసభలో లేచి ప్రశ్నించగలగాలి, ఆ ప్రశ్నకు లెక్కపుస్తకం తెరిచి సమాధానం చెప్పే సర్పంచి ఉండాలి. స్థానిక స్వపరిపాలన సార్థకత అందులోనే ఉంది.

అభ్యాసం

1. పెద్దల సభకు, గ్రామపంచాయతీకి గల పోలికలను, భేదాలను వివరించండి.
2. 'పాడు' పద్ధతిలోని మంచిని, పరిమితిని తెలపండి.
3. తాగునీటి సమస్యపై గ్రామసభ తీర్మానం ఎందుకు అవసరమో సోదాహరణంగా రాయండి.
4. ఏకగ్రీవ ఎన్నిక ఎప్పుడు మేలు చేస్తుంది? ఎప్పుడు కీడు చేస్తుంది? చర్చించండి.
5. మీ గ్రామంలో లేదా వార్డులో పరిష్కారం కావలసిన ఒక సమస్యను ఎన్నుకొని, గ్రామసభకు సమర్పించదగిన వినతిపత్రం రాయండి.